పులికాట్ ఫ్లెమింగోలు, 600 మి.మీ. లెన్సు, మధ్యలో సెగ: మూడు రోజుల కేస్ స్టడీ

పని ఇది: జనవరి మూడో వారంలో మూడు రోజులు పులికాట్ సరస్సు మీద షూట్ చేసి, 30 × 20 అంగుళాల ప్రింటుకి పనికొచ్చే ఫ్లెమింగో ఫోటో ఒక్కటి తేవాలి. పక్షి పెద్ద ఫ్లెమింగో అయి ఉండాలి. మేత మేస్తున్నా, నిలబడి ఉన్నా ఫరవాలేదు. కానీ కన్ను, ముక్కు గీత, మెడ మీద ఈకల అంచు ప్రింటులో దగ్గరికొచ్చి చూసినా చెదిరిపోకూడదు.

సామాను: 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ బాడీ ఒకటి, 200–600 మి.మీ. జూమ్ (చివర్లో ఎఫ్/6.3), 1.4 ఎక్స్ టెలికన్వర్టర్ (లెన్సుకీ బాడీకీ మధ్య తగిలించేది, 600 మి.మీ.ని 840 చేస్తుంది), బీన్‌బ్యాగ్, ట్రైపాడ్. ఒక కారు, ఒక డ్రైవర్. 24 మెగాపిక్సెళ్ళంటే 6000 × 4000. అంగుళానికి 200 పిక్సెళ్ళ లెక్కన 30 × 20 సరిగ్గా సరిపోతుంది. అంటే క్రాప్ చేసుకోవడానికి ఏమీ మిగలదు. ఈ ఒక్క అంకె మిగతా నిర్ణయాలన్నింటినీ శాసించింది.

మొదటి రోజు తీసినవన్నీ మసకగా వచ్చాయి. లెన్సు ఫోకస్ తప్పిందని, స్టెబిలైజర్ పాడైందని, కన్వర్టర్ నాసిరకమని అనుమానాలు. అసలు కారణం తేలడానికి ఒక సాయంత్రం పట్టింది. ఫ్లెమింగోల కోసం సూళ్ళూరుపేట వెళ్ళేవాళ్ళలో చాలామంది ఇదే గోతిలో పడుతున్నారు కనుక ఈ భాగాన్ని కాస్త విడమరచి రాయాలి.

చోటు గురించి

పులికాట్ ఉప్పునీటి సరస్సు. మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్ళే రోడ్డు ఈ సరస్సుని అడ్డంగా కోసుకుంటూ, ఒక గట్టు మీదుగా తూర్పుకి సాగుతుంది. దారికి రెండు పక్కలా నీళ్ళో, తడి బురదో, నీరు తీశాక తేలిన ఉప్పు నేలో (దీన్నే పర్ర అంటారు) కనిపిస్తుంది. ఏది ఎక్కడ ఉంటుందనేది ఆ ఏడు ఈశాన్య రుతుపవనాలు ఎలా కురిశాయన్నదాని మీద ఆధారపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీరు నిండుతుంది, జనవరి నుంచి తీస్తుంది, మార్చి దాటేసరికి ఉత్తరం వైపు చాలా మేర పర్ర తేలుతుంది. సముద్రంతో కలిసే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుండటం వల్ల నీటిమట్టం ఇంకా చపలంగా మారింది.

ఫ్లెమింగోకి కావలసింది లోతు నీరు కాదు. మోకాలి లోతు, అంతకంటే తక్కువ. బురద మీద పలచగా పరుచుకున్న నీటిలో తల తలకిందులుగా పెట్టి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోస్తూ, ముక్కు అంచుల్లోని జల్లెడలో చిక్కిన చిన్న పురుగుల్నీ, పీతల జాతి సూక్ష్మజీవుల్నీ, నాచునీ తింటుంది. అందుకే గుంపు ఎక్కడుందో వెతికేటప్పుడు నీటి అంచుని వెతకాలి. నిన్న ఉన్నచోటే ఇవాళ ఉంటాయనుకోవడం పొరపాటు. నీరు వంద మీటర్లు వెనక్కి తగ్గితే గుంపూ వంద మీటర్లు వెనక్కి పోతుంది.

మొదటి రోజు ఏం జరిగింది

ఉదయం ఎనిమిదిన్నరకి గట్టు మీదికి చేరిక. ఆకాశం నిర్మలం, ఎండ బాగా పడింది. కారు శ్రీహరికోట వైపు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. తిరుగు దారిలో ఉత్తరం వైపు దాదాపు 200 మీటర్ల దూరంలో మంచి గుంపు కనిపించింది. ఎడమ అంచున కారు ఆపి, కుడి కిటికీలోంచి కన్వర్టర్ తగిలించిన లెన్సుతో షూట్ మొదలు. 840 మి.మీ., అపర్చర్ ఎఫ్/9, షట్టర్ 1/1600 సెకను, ఐఎస్ఓ 500 చుట్టుపక్కల. కారులో ఏసీ నడుస్తూనే ఉంది.

కెమెరా వెనక స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపించాయి. రాత్రి లాప్‌టాప్‌లో వంద శాతం సైజుకి తెస్తే ఒక్కటీ నిలవలేదు. మెడ అంచు పాలలో తడిపిన దారంలా ఉబ్బింది. కన్ను ఉండాల్సిన చోట లేత పసుపు మచ్చ మాత్రం ఉంది.

ఇలాంటప్పుడు ఫైళ్ళు తుడిచేయకండి. పాడైన ఫైళ్ళలోనే కారణం దొరుకుతుంది. మసకకి మామూలుగా మూడు కారణాలు ఉంటాయి, మూడింటి ముద్రలూ వేరు.

ఫోకస్ తప్పితే ఫ్రేములో ఇంకెక్కడో ఒకచోట స్పష్టత ఉంటుంది. పక్షికి ముందున్న బురద గడ్డో, వెనకున్న నీటి అలో కత్తిలా కనిపిస్తుంది. చెయ్యో కారో కదిలితే ప్రతి అంచూ ఒకే దిశలో సాగుతుంది, నీటి మీద మెరిసే చుక్కలన్నీ ఒకే వైపు చిన్న గీతలవుతాయి. గాలి కారణమైతే ఈ రెండూ ఉండవు. ఒకే బర్స్ట్‌లో (వేలు తీయకుండా వరసగా తీసిన ఫ్రేముల్లో) ఒక ఫ్రేముకీ మరో ఫ్రేముకీ పొంతన ఉండదు. ఒకదాంట్లో తల కాస్త నయంగా, కాళ్ళు వంకరగా ఉంటాయి. తర్వాతి దాంట్లో కాళ్ళు నయం, తల ఉబ్బు.

పులికాట్‌లో ఈ పరీక్షకి దేవుడిచ్చిన కొలబద్ద ఒకటుంది. అది జాలర్లు వలలు కట్టడానికి నీళ్ళలో పాతిన కర్రలు. కర్ర కదలదు, నిటారుగా ఉంటుంది. ఆ రోజు తీసిన పది ఫ్రేముల బర్స్ట్‌లో గుంపు పక్కనే ఒక కర్ర పడింది. పది ఫ్రేముల్నీ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూస్తే ఆ కర్ర పాములా మెలికలు తిరిగింది. మొదటి ఫ్రేములో నడుము దగ్గర ఎడమకి, మూడో దాంట్లో కుడికి, ఆరో దాంట్లో పైభాగం రెండుగా చీలినట్టు. కర్ర పాము కాలేదు కదా. మధ్యలో ఉన్న గాలి ఊగింది.

సెగ ఎక్కడి నుంచి వచ్చింది

ఎండలో రోడ్డు మీద దూరంగా నీళ్ళలా మెరిసే ఎండమావి అందరికీ తెలుసు. నేల వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైనున్న చల్లగాలి కిందికి దిగుతుంది. వేడిగాలి, చల్లగాలి కాంతిని వేర్వేరుగా వంచుతాయి. 50 మి.మీ. లెన్సులో ఇది కంటికి ఆనదు. 840 మి.మీ. లెన్సు పక్షిని ఎంత పెద్దది చేస్తుందో ఆ వంకర్లనీ అంతే పెద్దవి చేస్తుంది. ఎక్కువ రిజల్యూషన్ ఉన్న కెమెరా కొన్నా, రెండింతలు ఖరీదైన లెన్సు కొన్నా మసకనే మరింత వివరంగా రికార్డు చేస్తాయి.

షట్టర్ వేగం పెంచితే పోతుందనేది మరో అపోహ. 1/4000 పెడితే ఆ క్షణంలోని వంకర అలాగే గడ్డకడుతుంది, పక్షి ఆకారం చెదురుతుంది. 1/250 పెడితే ఎన్నో వంకర్లు ఒకదాని మీద ఒకటి పడి మెత్తటి మసక అవుతుంది. రెండూ పనికిరావు. అపర్చర్ మార్చినా ఇది పోదు.

ఆ రోజు లెక్క చూస్తే సెగ ఒక్కచోట కాదు, నాలుగు చోట్ల తోడైంది.

మొదటిది దూరం. 200 మీటర్ల గాలి.

రెండోది తారు రోడ్డు. తిరుగు దారిలో కారు పడమటికి ముఖం పెట్టి దక్షిణపు అంచున ఆగింది. పక్షులు ఉత్తరాన. చూపు రోడ్డు వెడల్పు మొత్తాన్నీ దాటి వెళ్ళింది. నల్లటి తారు ఎనిమిదిన్నరకే నీటి కంటే ఎన్నో రెట్లు సెగలు కక్కుతుంది. పైగా ఆ సెగ లెన్సుకి మరీ దగ్గరగా ఉంది. లెన్సుకి దగ్గరున్న అలజడి చిత్రం మొత్తాన్నీ పాడుచేస్తుంది. పక్షి దగ్గరున్న అలజడి వల్ల అంత నష్టం ఉండదు. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆ రోజు సగం ఫోటోలు దక్కేవి.

మూడోది కారు ఏసీ. లోపల చల్లగాలి, బయట వెచ్చగాలి, రెండూ సరిగ్గా కిటికీ దగ్గర, లెన్సు ముందే కలుస్తాయి.

నాలుగోది ఎండిన బురద. గట్టుకీ పక్షులకీ మధ్య యాభై మీటర్ల పర్ర తేలి ఉంది. తడి నేల కంటే పొడి నేల త్వరగా కాగుతుంది.

కన్వర్టర్ వల్ల మేలు జరగలేదు. ముందే లెక్క కట్టుకుని ఉంటే ఆ సంగతి తెలిసేది. 200 మీటర్ల దగ్గర 840 మి.మీ. లెన్సు ఫ్రేము ఎత్తు దాదాపు 5.7 మీటర్లు. 1.3 మీటర్ల ఎత్తు పక్షి అందులో 900 పిక్సెళ్ళు ఆక్రమిస్తుంది. అదే పక్షి 70 మీటర్లకి వస్తే, కన్వర్టర్ లేకుండా 600 మి.మీ. దగ్గర ఫ్రేము ఎత్తు 2.8 మీటర్లే, పక్షికి 1850 పిక్సెళ్ళు దక్కుతాయి. అంటే రెండింతలు, అదీ మూడోవంతు గాలిలోంచి. కాబట్టి రెండో రోజు ప్రణాళికంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: పక్షిని బెదిరించకుండా 70 మీటర్ల దూరం ఎలా దొరుకుతుంది?

సూర్యుడు, రోడ్డు, కారు సీటు

జవాబు పక్షి వైపు నడవడం కాదు. నడిస్తే అవి కూడా నడుస్తాయి. రోడ్డు నుంచే తీస్తూ, గుంపు తనంతట తాను గట్టు దగ్గరికి వచ్చే చోటుని ముందే పట్టుకుని కాచుకోవాలి. మొదటి రోజు సాయంత్రం కెమెరా పక్కన పెట్టి బైనాక్యులర్స్‌తో గట్టు మొత్తం ఒకసారి చూడటం బాగా పనికొచ్చింది. ఉత్తరం వైపు ఒకచోట నీరు గట్టు రాళ్ళని తాకుతోంది, ముందు పొడి పర్ర లేదు. గుంపులో కొన్ని మేస్తూ మేస్తూ అటే జరుగుతున్నాయి.

ఉత్తరమే ఎందుకంటే, రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది. జనవరిలో సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఉదయించి, రోజంతా దక్షిణపు ఆకాశంలోనే నడిచి, పడమటికి కాస్త దక్షిణంగా అస్తమిస్తాడు. దక్షిణం వైపు పక్షులకి పొద్దస్తమానం వెలుగు వెనక నుంచే పడుతుంది. నల్లటి నీడబొమ్మలు (సిల్హౌట్లు) కావాలంటే అటు చూడండి. ఈకల వివరం కావాలంటే ఉత్తరమే గతి.

ఉదయం పూట ఇంకో సర్దుబాటు అవసరం. తొలి వెలుగు ఆగ్నేయం నుంచి వస్తుంది కనుక, నేరుగా ఉత్తరానికి చూస్తే అది పక్షికి పక్క నుంచి పడుతుంది. గుంపుని కొంచెం దాటి వెళ్ళి ఆగి, వెనక్కి, అంటే వాయవ్యం వైపు చూస్తే సూర్యుడు సరిగ్గా వీపు వెనకకి వస్తాడు. సాయంత్రం దీనికి తిరగబెట్టాలి: గుంపు ఇంకా రాకముందే ఆగి, ముందుకి, ఈశాన్యం వైపు చూడాలి.

ఇక సీటు. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, కారు రోడ్డుకి ఎడమ అంచున ఆగుతుంది. శ్రీహరికోటకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు ఉత్తరం. అందుకని కెమెరా మనిషి వెనక సీట్లో ఎడమ కిటికీ దగ్గర కూర్చోవాలి. అప్పుడు లెన్సుకీ నీటికీ మధ్య తారు ముక్క కూడా ఉండదు. తానే బండి నడుపుతూ ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి ఈ సౌకర్యం లేదు. తిరుగు దారిలో ఉత్తరం కుడి కిటికీకి వస్తుంది గానీ రోడ్డు అడ్డం పడుతుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు అటు వెళ్ళేటప్పుడే ఎడమకి ఆపి, ఇంజను ఆర్పి, ఎడమ సీటులోకి జరగడం ఉత్తమం. తలుపు తెరవకుండా జరగాలి.

రెండో రోజు

సూళ్ళూరుపేటలో ఆ రోజుల్లో సూర్యోదయం ఆరున్నర దాటాక. ఐదు ముప్పావుకి బయల్దేరడం, ఆరుంబావుకల్లా అనుకున్న చోట ఆగడం. లాడ్జి గదిలో ఏసీ రాత్రే ఆపేశారు. చల్లటి గదిలోంచి లెన్సుని తేమగాలిలోకి తెస్తే ముందు గాజు మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది, మంచి వెలుగు అరగంట దానికే పోతుంది.

కారు ఇంజను ఆర్పి, కిటికీలు నాలుగూ దించి, పది నిమిషాలు వదిలేశారు. లోపలి గాలీ బయటి గాలీ ఒకటయ్యాయి. బీన్‌బ్యాగ్‌లో మూడు కిలోల బియ్యం, లోపల ప్లాస్టిక్ సంచీ పొర. ఊక పోస్తే తేలికగా ఉండి లెన్సు బరువుకి జారిపోతుంది. కిటికీ అద్దం పూర్తిగా దించకుండా నాలుగు వేళ్ళు పైకి ఉంచితే సంచీ దాని మీద జీనులా కూర్చుంటుంది. షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులు పొద్దున్నే ఈ దారిన వరసగా పోతాయి. బస్సు దాటిన ప్రతిసారీ కారు ఊగుతుంది. ఆ రెండు మూడు సెకన్లు షట్టర్ మీది వేలు తీసేయాలి.

ఒక జాగ్రత్త. ఉదయం చల్లగా ఉంది కాబట్టి సెగ ఉండదనుకోవద్దు. రాత్రంతా చల్లబడిన గాలి కంటే నీరు వెచ్చగా ఉంటే, తెల్లవారుజామునే నీటి మీద సన్నటి అలజడి ఉంటుంది. ఆ రోజు ఆరూ నలభై ప్రాంతంలో కర్ర పరీక్షలో కొద్దిగా వణుకు కనిపించింది, ఏడుంబావుకి తగ్గింది, మళ్ళీ ఎనిమిదింబావు దాటాక మొదలైంది. మధ్యలో దొరికిన గంటే అసలు గంట. ఏ రోజు ఎప్పుడు మొదలవుతుందో గడియారం చెప్పదు, కర్ర చెబుతుంది. పావుగంటకొకసారి పది ఫ్రేములు కర్ర మీద తీసి, స్క్రీన్ మీద పూర్తి సైజులో చూసుకోండి.

ఎత్తు విషయంలోనూ ఒక బేరం ఉంది. వైల్డ్‌లైఫ్ ఫోటోకి కెమెరా పక్షి కంటి ఎత్తుకి దిగాలని అందరూ చెబుతారు, నిజమే. వెనక నేపథ్యం దూరమై మెత్తబడుతుంది. కానీ నేలకి దగ్గరయ్యేకొద్దీ చూపు సెగ ఎక్కువున్న పొరలోంచే వెళ్తుంది. ఆ మంచి గంటలో కిటికీ ఎత్తు నుంచే తీశారు. గట్టు రాళ్ళ దగ్గరికి దిగడం సాంకేతికంగా వీలే గానీ, మనిషి ఆకారం కారు నుంచి విడివడగానే గుంపు దూరం జరుగుతుంది. కారు వాటికి అలవాటైన వస్తువు.

ఎక్స్‌పోజర్. పెద్ద ఫ్లెమింగో దూరానికి గులాబీ రంగుగా అనిపిస్తుంది గానీ, మూసిన రెక్కలతో నిలబడితే ఎక్కువ భాగం తెలుపే. ఎరుపు రెక్కల పైభాగంలో ఉంటుంది, నలుపు రెక్కల చివరి ఈకల్లో. పూర్తి ఎండలో మామూలు వస్తువుకి ఐఎస్ఓ 400, ఎఫ్/8 దగ్గర 1/1600 సరిపోతుంది. తెల్లటి పక్షికి ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి, 1/3200 పెట్టాలి. తొలి వెలుగులో మాత్రం 600 మి.మీ., ఎఫ్/8, 1/1000, ఐఎస్ఓ 800–1600 మధ్య నడిచింది. ఆటోకి వదిలేస్తే, ఫ్రేమంతా మెరిసే నీళ్ళుంటే కెమెరా చీకటి చేస్తుంది, నల్లటి బురద ఎక్కువుంటే పక్షిని కాల్చేస్తుంది. గుంపు కదిలినప్పుడల్లా నేపథ్యం మారుతుంది, వెలుగు మారదు. అందుకని మాన్యువల్.

ఇక్కడ రెండో తప్పు జరిగింది. హిస్టోగ్రామ్ చూశారు, కుడి అంచు తగల్లేదు, సంతృప్తి పడ్డారు. అది మొత్తం వెలుతురు గ్రాఫు. ఎరుపు ఛానల్ విడిగా చూస్తే అప్పటికే అంచుకి కొట్టుకుంది. రెక్క విదిల్చిన ఫ్రేముల్లో ఎర్ర ఈకల మధ్య గీతలు మాయమై ఒకే రంగు ముద్ద మిగిలింది. ఉదయపు వెచ్చటి కాంతి, ఎర్రటి ఈక రెండూ కలిస్తే ఎరుపు ముందు నిండుతుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ ఆన్ చేసి, ఎరుపుకి కుడివైపు కాస్త చోటు మిగిలేలా మూడోవంతు స్టాప్ తగ్గించాక సమస్య తీరింది. రా ఫైళ్ళే (సెన్సరు పట్టిన అసలు డేటా) కాబట్టి నీడలు తర్వాత లేపుకోవచ్చు, పోయిన ఎరుపు తిరిగి రాదు.

ఫోకస్‌కి పక్షి కన్ను గుర్తించే మోడ్ పెడితే సగం సమయం పనిచేసింది. ఫ్లెమింగో కన్ను చిన్నది, లేత పసుపు రంగు. మేసేటప్పుడు తల నీటిలో ఉంటుంది. అప్పుడు కెమెరా కంగారుపడి వెనక పక్షికి దూకుతుంది. తల దిగినప్పుడు చిన్న సింగిల్ పాయింట్‌ని మెడ మొదట్లో పెట్టి, తల లేచాక కన్ను మోడ్‌కి మారేలా ఒక బటన్ కేటాయించుకోవాలి. తల నీటిలోంచి లేచిన వెంటనే ముక్కు అంచున నీటి తీగ వేలాడుతుంది. అరసెకను కూడా ఉండదు. అది కావాలంటే తల లేవకముందే బర్స్ట్ మొదలవ్వాలి. తల లేచే ముందు మెడ వంపు బిగుసుకుంటుంది, ఆ గుర్తు చూసి నొక్కాలి.

గుంపులో స్పష్టత లోతు చాలదు. 70 మీటర్ల దగ్గర 600 మి.మీ., ఎఫ్/6.3కి మామూలు లెక్కలో ఐదు మీటర్ల లోతు, ఎఫ్/8కి ఆరున్నర, ఎఫ్/11కి తొమ్మిది. పెద్ద ప్రింటుకి ఇందులో సగమే నమ్మాలి. ఒకదాని వెనక ఒకటి పది పక్షులుంటే ఎఫ్/11 పెట్టినా తీరదు. గుంపు అంచున విడిగా మేసే రెండు మూడింటిని, అవి లెన్సుకి సమాన దూరంలో ఒకే వరసలోకి వచ్చినప్పుడు తీయడం నయం. ప్రింటుకి ఎంపికైన ఫోటో అలా వచ్చిందే.

పక్షి చెప్పే మాట

ఫ్లెమింగోలు బెదిరితే వెంటనే ఎగరవు. ముందు మేత ఆగుతుంది. మెడలన్నీ ఒక్కసారి నిటారుగా లేస్తాయి. ఆ తర్వాత అన్నీ ఒకే వైపు నడక మొదలుపెడతాయి, నడక వేగమవుతుంది, పరుగవుతుంది, లేస్తాయి. మెడలు లేచిన మొదటి క్షణంలోనే ఆగాలి. లెన్సు లోపలికి లాగాలి, మాటలు ఆపాలి. నడక మొదలైతే కారు మెల్లగా అక్కడి నుంచి తీసేయాలి. గంటల తరబడి నీరు వడగట్టి సంపాదించుకున్న శక్తిని ఒక అనవసరపు ఎగురు తినేస్తుంది. రోజుకి ముప్పై కార్లు అదే పని చేస్తే ఆ గుంపుకి ఆ మేత నేల లేనట్టే. ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టడం, హారన్ మోగించడం, రాళ్ళు విసరడం ఈ గట్టు మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఇది అభయారణ్యం, అలా చేయడం నేరం. నేరం కాకపోయినా చేయకూడని పని.

జాలర్లు వల భుజాన వేసుకుని నీళ్ళలో నడిచిపోతుంటే అవే పక్షులు పెద్దగా పట్టించుకోవు. నిటారుగా, ఒకే వేగంతో, తమ దారిన పోయే మనిషిని అవి ఎరుగుదురు. వంగి, ఆగి, మళ్ళీ పొంచి వచ్చే మనిషి వాటి కళ్ళకి వేటగాడే. కామఫ్లాజ్ దుస్తులు వేసుకుని పొంచడం ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

డ్రోన్ ఆలోచనే వద్దు. అభయారణ్యం ఒకటి, పక్కనే అంతరిక్ష కేంద్రం ఒకటి. శ్రీహరికోట చెక్‌పోస్టు, గేటు పరిసరాల్లో కెమెరా బయటికి తీయకూడదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఈ దారిలో ఆంక్షలుంటాయి, ప్రయాణం పెట్టుకునే ముందే తేదీ చూసుకోవాలి. గట్టు మీద కారు ఆపడానికి వెడల్పైన చోట్లు కొన్నే ఉన్నాయి. మిగతాచోట్ల మట్టి అంచు మెత్తగా ఉండి చక్రం దిగబడుతుంది, వాన పడిన వారంలో మరీ.

మూడో రోజు: ఎగిరే పక్షి

నిలబడిన పక్షి ఫోటో దక్కింది కాబట్టి మూడో రోజు ఉదయం ఎగిరే వాటికి కేటాయించారు. రెక్క విప్పితేనే ఎరుపూ నలుపూ బయటపడతాయి. పెద్ద ఫ్లెమింగో బరువైన పక్షి, గాలికి ఎదురుగా నీళ్ళ మీద పరుగెత్తితే గానీ లేవదు. దిగేటప్పుడూ గాలికి ఎదురే. కాబట్టి ఎటు పోతుందో చెప్పాలంటే గాలి ఎటు నుంచి వస్తోందో చూడాలి. కారు యాంటెన్నాకి ఒక నూలు పోగు కట్టండి, అది చాలు.

తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు వీచే పడమటి గాలి ఉంటే పక్షులు పడమటికి లేస్తాయి. ఉత్తరానికి చూసేవాళ్ళకి అవి కుడి నుంచి ఎడమకి అడ్డంగా, ఎండ పడుతూ సాగుతాయి. ఇదే కావలసిన కోణం. పొద్దెక్కి తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగాక అవి ఎడమ నుంచి కుడికి సాగుతాయి. ఈశాన్యపు గాలి బలంగా ఉన్న రోజున వీపు చూపిస్తూ దూరమవుతాయి. ఆ రోజు ఏడున్నర ప్రాంతంలో ఒక చిన్న గుంపు తనంతట తానే మేత నేల మారుతూ పడమటికి లేచింది. 1/2500, ఎఫ్/8, ఐఎస్ఓ 1000, జూమ్ 400 దగ్గర. 600 దగ్గరే ఉంచితే ఎగిరే పక్షిని ఫ్రేములో నిలపడం కష్టం. ఎగిరేటప్పుడు మెడా కాళ్ళూ రెండు వైపులా కర్రలా చాస్తుంది, రెక్కల విస్తారం ఒకటిన్నర మీటర్లు. ముక్కు చివరో కాలి వేళ్ళో తెగిన ఫ్రేములు మొదటి ప్రయత్నంలో బోలెడు.

ఈ ఎగిరే ఫ్రేముల్లో ఒకటి చిన్న సైజుకి బాగుంది, 30 × 20 ప్రింటుకి ఆగలేదు. పక్షులు లేచింది 120 మీటర్ల అవతల. మనం నిర్ణయించలేని దూరం అది. తొమ్మిదింటికల్లా గాలి తూర్పు నుంచి వీచడం మొదలైంది, సెగ మొదలైంది, కెమెరా సంచీలోకి పోయింది.

మధ్యాహ్నం నేలపట్టుకి వెళ్ళడం సమయానికి మంచి వినియోగం. సూళ్ళూరుపేటకి దాదాపు 20 కి.మీ. దూరంలో, దొరవారిసత్రం దగ్గర ఉంది. అక్కడ నీళ్ళలో నిలబడ్డ బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి, నత్తగుల్ల కొంగలు కూడా. గూడబాతులు పులికాట్‌లో చేపలు పట్టి పిల్లలకి తెస్తుంటాయి. చెట్ల పచ్చదనం, నీడ ఉండటం వల్ల ఎండిన పర్రతో పోలిస్తే ఇక్కడ సెగ తక్కువ. గూళ్ళ కాలం కాబట్టి దారి దిగొద్దు, వాచ్‌టవర్ దగ్గర గట్టిగా మాట్లాడొద్దు.

కంప్యూటర్ దగ్గర

మొదటి రోజు ఫైళ్ళ మీద డీహేజ్ స్లైడర్ లాగి చూశారు. డీహేజ్ పొగమంచు తెల్లదనాన్ని తగ్గిస్తుంది, వంకరపోయిన గీతని సరిచేయదు. షార్పెనింగ్ పెంచితే ఉబ్బిన అంచుకి ఇంకో గీత తోడవుతుంది. చంద్రుణ్ణి తీసేవాళ్ళలా ఎన్నో ఫ్రేముల్ని కలిపి సగటు తీయడం కదిలే పక్షికి కుదరదు. చేయగలిగింది ఒక్కటే, పొడవైన బర్స్ట్‌లో గాలి ఒక క్షణం నిలకడగా ఉన్న ఫ్రేము వెతకడం. అందుకే సెగ సన్నగా ఉన్నప్పుడు ఒక్కో భంగిమకి ఎక్కువ ఫ్రేములు తీసి పెట్టుకోవాలి.

రంగు దగ్గర పులికాట్ ఫోటోలు ఎక్కువగా చెడతాయి. గులాబీ రంగు కోసం శాచురేషన్ పెంచేస్తారు. పరీక్ష సులభం: బురద చూడండి. బురదకి గులాబీ ఛాయ వచ్చిందంటే రంగు హద్దు దాటింది. ముక్కు చివర నల్లగానే ఉందా? మెడ తెలుపులో మెజెంటా చేరిందా? చిన్న ఫ్లెమింగో అయితే ముక్కే ముదురు ఎరుపు, ఒళ్ళు కూడా ముదురు గులాబీ. పెద్ద ఫ్లెమింగోకి ఆ రంగు పులిమితే జాతే తప్పు చెప్పినట్టు. పిల్లలు బూడిద గోధుమ రంగులో ఉంటాయి. తినే మేతలోని రంగు పదార్థాలు ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే గానీ గులాబీ రాదు. వాటికి కూడా గులాబీ పూసిన ఫోటోలు చూస్తే బాధేస్తుంది. ఈ కేసులో వైట్ బ్యాలెన్స్ 5300 కెల్విన్ దగ్గర స్థిరంగా ఉంచి, ఎరుపు ఛాయని ముట్టుకోకుండా, తెలుపుల వెలుతురు మాత్రం కాస్త దించారు.

ప్రింటుకి వెళ్ళింది రెండో రోజు ఉదయం ఏడూ ముప్పావుకి తీసిన ఫ్రేము. అంచున రెండు పక్షులు, ఒకటి తల నీటిలో, ఒకటి అప్పుడే తల ఎత్తి. ముక్కు కింద నీటి తీగ పూర్తిగా తెగలేదు, మూడు చుక్కలుగా విడిపోతూ ఉంది. 600 మి.మీ., ఎఫ్/8, 1/1000, ఐఎస్ఓ 800, క్రాప్ లేదు.

షూట్ అయ్యాక సామానుకి పట్టే ఉప్పుని తేలిగ్గా తీసుకోకండి. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు రవ్వలు గాజు మీద గీతలు పెడతాయి. ముందు మంచినీళ్ళతో తడిపి పిండిన గుడ్డ, తర్వాత పొడిగుడ్డ. ట్రైపాడ్ బురదలో పెడితే ఆ రాత్రే కాళ్ళ లాకులు విప్పి మంచినీళ్ళలో కడగాలి, లేకపోతే వారానికి బిగుసుకుపోతాయి. బీన్‌బ్యాగ్‌లోని బియ్యం మంచు తేమకి ముద్దవుతాయి, ఎండలో ఆరబోసి మళ్ళీ నింపుకోవాలి.